దానంతట అదే సర్దుకునే డీబీఎస్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాన్నగారికి 62 ఏళ్లు, పార్కిన్సన్స్ వచ్చి 11 ఏళ్లయింది, మాత్ర వేసుకున్నాక గంటో రెండు గంటలో బాగుంటారు, ఆ తర్వాత బిగుసుకుపోతారు, మాత్ర బాగా ఎక్కినప్పుడేమో ఒళ్లంతా మెలికలు తిరుగుతుంది. డాక్టరుగారు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, మెదడు లోపలికి సన్నటి తీగ దింపి కరెంట్ ఇచ్చే చికిత్స) ఆపరేషన్ చేయిద్దామన్నారు. ఈలోగా మెదడు సిగ్నల్ చూసుకుని దానంతట అదే కరెంట్ పెంచుకునే, తగ్గించుకునే కొత్త పద్ధతి వచ్చిందని విన్నారు. దానికోసం ఆగాలా, ఇప్పుడే చేయించాలా, అది పెడితే జబ్బు నయమవుతుందా, మెదడును చదివే యంత్రమంటే అమ్మగారు భయపడుతున్నారు, ఏం చెప్పాలి.

నేను చాలా ఏళ్లుగా డీబీఎస్ పెట్టించుకున్నవాళ్లకి ప్రోగ్రామింగ్ చేస్తున్నాను, అంటే ఆపరేషన్ అయ్యాక కరెంట్ ఎంత, ఏ పాయింట్ నుంచి, ఎంత వేగంతో ఇవ్వాలో కూర్చుని సరిచేసే పని. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. జబ్బు నయం కాదు. కొత్త పద్ధతి కోసమని ఆపరేషన్ వాయిదా వేయొద్దు. కానీ పెట్టించుకునే పరికరం మెదడు సిగ్నల్‌ని చదవగలిగేది అయ్యేలా మాత్రం ఇప్పుడే మాట్లాడుకోండి, ఎందుకంటే సర్దుకునే పద్ధతిని తర్వాత ఆన్ చేసుకోవచ్చు, సిగ్నల్ చదవలేని పరికరంలో మాత్రం ఎప్పటికీ చేయలేరు.

ఇప్పుడు వివరంగా.

మామూలు డీబీఎస్‌లో మెదడు లోపల సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే చిన్న భాగంలోకో, గ్లోబస్ పాలిడస్ అనే భాగంలోకో సన్నటి లీడ్ (కరెంట్ ఇచ్చే పాయింట్లున్న తీగ) దింపుతారు, ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ పెడతారు, మెడ లోపలి నుంచి వైరు కలుపుతారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్, పొలాక్ 1987లో వణుకు కోసం ఇది మొదలుపెట్టారు, 1990ల మొదట్లో సబ్‌థలామిక్ న్యూక్లియస్‌కి వచ్చారు, అమెరికాలో పార్కిన్సన్స్‌కి 2002లో అనుమతి వచ్చింది. అప్పటినుంచి పద్ధతి ఒకటే: సెకనుకి సుమారు 130 పల్సులు, ఒకే మోతాదులో, పగలూ రాత్రీ. మాత్ర ఎక్కి ఉన్నా అంతే, దిగిపోయి ఉన్నా అంతే, నడుస్తున్నా నిద్రపోతున్నా అంతే.

చాలామందికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, దీన్ని పాతకాలం పద్ధతని తీసిపారేసే మాటలు నమ్మకండి. కానీ నాన్నగారిలాంటి వాళ్లలో ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, మాత్ర దిగిపోయిన గంటలో ఉన్న బిగువు పోవాలంటే కరెంట్ కాస్త ఎక్కువ కావాలి, అదే కరెంట్ మాత్ర ఎక్కిన గంటలో ఎక్కువైపోయి మెలికలు (మేము డిస్కినీషియా అంటాం) తెప్పిస్తుంది, లేదా మాట ముద్దగా చేస్తుంది. రెండింటికీ మధ్యలో ఎక్కడో ఒక అంకె దగ్గర ఆగుతాం. ఆ అంకె ఏ గంటకీ పూర్తిగా సరిపోదు, ఏ గంటలోనూ మరీ చెడ్డగా ఉండదు. క్లినిక్‌లో కూర్చున్న ఆ గంటలో బాగుందని సెట్ చేసి పంపిస్తే ఇంటికెళ్లాక సాయంత్రం ఫోన్ వస్తుంది, మాట అర్థం కావడం లేదని.

సర్దుకునే పద్ధతి సరిగ్గా ఈ ఇబ్బంది కోసమే. పార్కిన్సన్స్‌లో డోపమైన్ (కదలికలకి కావలసిన మెదడు రసాయనం) తగ్గినప్పుడు సబ్‌థలామిక్ న్యూక్లియస్‌లో కణాలన్నీ ఒకే తాళంలో కొట్టుకోవడం మొదలుపెడతాయి, సెకనుకి సుమారు 13 నుంచి 30 సార్లు. దీన్ని బీటా రిథమ్ అంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ బ్రౌన్ బృందం, బెర్లిన్‌లో ఆండ్రియా క్యూన్ బృందం, ఇంకా చాలామంది కలిసి ఏళ్లతరబడి చూపించింది ఏమిటంటే, ఈ బీటా ఎంత గట్టిగా ఉంటే బిగువూ కదలికలో నెమ్మదీ అంతగా ఉంటాయి, డోపమైన్ లోటుని భర్తీ చేసే లెవోడోపా మాత్ర వేస్తే బీటా తగ్గుతుంది, డీబీఎస్ ఆన్ చేసినా తగ్గుతుంది. అంటే కరెంట్ ఇచ్చే ఆ లీడ్ ఉన్నచోటే, ఇప్పుడు కరెంట్ ఎంత అవసరమో చెప్పే గుర్తు కూడా దొరుకుతుంది. మరో సెన్సర్ ఎక్కడా పెట్టక్కర్లేదు.

2011లో జెరూసలేంలో హగాయ్ బెర్గ్‌మన్ బృందం కోతుల మీద, మెదడు కణాల చర్యను చూసి దాన్నిబట్టి పల్సులిస్తే ఎడతెగని కరెంట్ కన్నా బాగా పనిచేస్తుందని చూపించింది. 2013లో సైమన్ లిటిల్, పీటర్ బ్రౌన్ వాళ్లు ఎనిమిది మంది పేషెంట్లలో బీటా పెరిగినప్పుడే కరెంట్ ఇచ్చి చూశారు. మామూలు డీబీఎస్ కన్నా కదలికల స్కోరు సుమారు 27 శాతం మెరుగ్గా వచ్చింది, కరెంట్ ఇచ్చిన సమయం 56 శాతం తగ్గింది. అది కొద్ది నిమిషాల ప్రయోగం, ఆపరేషన్ అయిన కొద్దిరోజుల్లో లీడ్ వైర్లు ఇంకా బయటికి ఉండగా చేసింది. ఆ అంకెలు మీకు ఎక్కడైనా కనిపిస్తే ఇంటి దగ్గర నెలలతరబడి అంతే మేలు జరుగుతుందని మాత్రం అనుకోవద్దు. దారి సరైనదని తేల్చింది, అక్కడికి దాని విలువ చాలా పెద్దది.

ఆ తర్వాత పని అంతా దీన్ని ఒంట్లో పట్టే పరికరంలోకి ఎక్కించడానికే పట్టింది. ఎందుకంత కష్టమంటే, మెదడు నుంచి వచ్చే సిగ్నల్ వోల్టులో పది లక్షల వంతు స్థాయిలో ఉంటుంది, మనం ఇచ్చే పల్స్ వోల్టుల్లో ఉంటుంది. జాతరలో మైకుసెట్టు మోగుతుంటే దాని కిందే నిలబడినవాడి గుసగుస వినాల్సిన పరిస్థితి. దానికి కనిపెట్టిన ఉపాయం, లీడ్ మీద కరెంట్ ఇచ్చే పాయింట్‌కి పైనొకటి కిందొకటి ఉన్న పాయింట్లతో వినడం. రెండు వైపులకీ పల్స్ చప్పుడు దాదాపు సమానంగా చేరుతుంది కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే చప్పుడు పోయి సిగ్నల్ మిగులుతుంది.

ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే దీనివల్ల ఒక నిజమైన షరతు పుడుతుంది. మామూలు లీడ్‌కి నాలుగు వరసల పాయింట్లు ఉంటాయి. కరెంట్ మధ్య రెండు వరసల నుంచి ఇస్తేనే ఇలా వినడం కుదురుతుంది. నాన్నగారికి బాగా పనిచేసేది అట్టడుగు పాయింటో అన్నిటికన్నా పై పాయింటో అయితే, ఎంత ఖరీదైన పరికరం పెట్టినా సర్దుకునే పద్ధతి నడవడం కష్టం. అంటే లీడ్‌ని మధ్య పాయింట్లు సరైన చోట పడేలా దింపగలిగిన సర్జన్ చెయ్యి ఇక్కడ సాఫ్ట్‌వేర్ కన్నా ముఖ్యం. ఇంకోటి, బ్యాటరీని ఎడమ ఛాతీలో పెడితే గుండె కొట్టుకునే సిగ్నల్ కూడా ఇందులో దూరి బీటాని చెడగొట్టే అవకాశం ఎక్కువ, అందుకని చాలా బృందాలు కుడివైపు పెట్టడానికే మొగ్గుతాయి. ఎటు పెడుతున్నారని ఆపరేషన్‌కి ముందే అడగండి, తర్వాత అడిగి లాభం లేదు.

అనుమతుల సంగతి. సిగ్నల్ చదివే మెడ్‌ట్రానిక్ పర్సెప్ట్ పరికరం 2020లో వచ్చింది, జపాన్‌లో అదే ఏడాది సర్దుకునే పద్ధతికి కూడా అనుమతి దొరికింది. యూరప్‌లో, అమెరికాలో 2025 మొదట్లో వచ్చింది. ఇటలీలోని న్యూరోనికా అనే కంపెనీ కూడా ఆల్ఫా డీబీఎస్ పేరుతో ఇదే దారిలో ఉంది. అనుమతికి ఆధారమైన అధ్యయనం పేరు అడాప్ట్-పీడీ. అందులో 68 మంది చేరారు, అందరూ అప్పటికే మామూలు డీబీఎస్‌తో నిలకడగా ఉన్నవాళ్లు. పరీక్ష చివరిదాకా పూర్తి చేసినవాళ్లలో దాదాపు అందరూ సర్దుకునే పద్ధతినే ఉంచుకోవడానికి ఇష్టపడ్డారు. కానీ ఆ అధ్యయనం ముఖ్యంగా తేల్చాలనుకున్నది ఇది సురక్షితమా, బాగా సెట్ చేసిన మామూలు డీబీఎస్‌కి తీసిపోకుండా ఉందా అని. పాతదానికన్నా ఎన్నో రెట్లు మేలని అది నిరూపించలేదు, ఎవరైనా అలా చెప్తే అధ్యయనంలో లేనిది చెప్తున్నట్టే.

నాకు ఎక్కువ ఆశ కలిగించింది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిలిప్ స్టార్, సైమన్ లిటిల్ బృందం 2024లో ప్రచురించిన పని. నలుగురే పేషెంట్లు. కానీ వాళ్లని ఇంటి దగ్గర, మామూలు బతుకు బతుకుతుండగా, ఎప్పుడు ఏ పద్ధతి నడుస్తోందో తెలియకుండా పరీక్షించారు. ఒక్కొక్కరిని ఎక్కువగా బాధిస్తున్న లక్షణం ఏమిటో ముందే అడిగి రాసుకున్నారు. ఆ లక్షణంతో గడిచే సమయం దాదాపు సగానికి తగ్గింది. అందులో వాళ్లు ఎక్కువగా వాడుకున్నది బీటా కాదు, గామా అనే ఇంకో రిథమ్. డిస్కినీషియా వైపు వెళ్తున్నప్పుడు అది పెరుగుతుంది, 130 పల్సుల కరెంట్ నడుస్తుంటే సరిగ్గా దానికి సగం, సెకనుకి 65 దగ్గర పైకి లేస్తుంది. అంటే బీటా పెరిగితే కరెంట్ చాలలేదని, గామా పెరిగితే ఎక్కువైందని. నాన్నగారి సమస్యలో సగం మెలికలే కాబట్టి రాబోయే ఏళ్లలో ఈ దారి గురించి చదువుతూ ఉండండి. అయితే ఆ ప్రయోగంలో వాడిన పరికరం పరిశోధన కోసం చేసింది, బయట దొరికేది కాదు.

ఇక ఇది పెట్టాక రోజూ ఎలా నడుస్తుందో చెప్తాను, చాలామంది దీన్ని ఊహించుకునే తీరు వేరుగా ఉంటుంది. పరికరం తన ఇష్టం వచ్చినట్టు కరెంట్ పెంచేయదు. మేము కింద ఒక హద్దు, పైన ఒక హద్దు పెడతాం, ఉదాహరణకి 2 మిల్లీఆంపియర్ల నుంచి 3 మధ్య, దానికి ఆ రెండు గీతల మధ్యే స్వేచ్ఛ. కింది హద్దు సున్నా కాదు, మాత్ర బాగా ఎక్కిన సమయంలో కూడా కనీసం కావలసినంత. పై హద్దు మాట ముద్దయ్యేచోటికి కొంచెం ముందే. తర్వాత బీటాకి గీత గీస్తాం. ఒకే గీత పెట్టి, దాటగానే సెకనులో ఏ పావువంతులోనో కరెంట్ పెంచి, దిగగానే తగ్గించేది ఒక తీరు. రెండు గీతలు పెట్టి, బీటా పై గీత దాటితే నిమిషాల మీద మెల్లగా పెంచుతూ, కింది గీతకన్నా పడితే ఇంకా మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో ఉంటే ఉన్నచోటే ఉంచేది ఇంకో తీరు. నాన్నగారిలా మాత్ర ఎక్కడం దిగడం మీద ఆధారపడి ఊగిసలాడేవాళ్లకి రెండోది సహజంగా సరిపోతుంది, మాత్ర ప్రభావం మారేది కూడా నిమిషాల్లో, గంటల్లోనే కదా. మొదటి తీరులో కొందరికి కరెంట్ మారినప్పుడల్లా చేతిలో జివ్వుమన్నట్టు తెలుస్తుంది.

గీతలు ఎక్కడ గీయాలనేది చెప్పినంత సులువు కాదు. బీటా ఒక్క మాత్రవల్లే మారదు. చెయ్యి కదిలించినా తగ్గుతుంది. గాఢనిద్రలో బాగా పడిపోతుంది, అప్పుడు పరికరం అవసరం లేదనుకుని కరెంట్‌ని కిందికి దించేస్తుంది, కింది హద్దు మరీ తక్కువగా ఉంటే మనిషి రాత్రి పక్కకి ఒత్తిగిలలేక లేస్తాడు. అందుకని ఒకసారి క్లినిక్‌లో చూసి గీస్తే సరిపోదు, ఇంటి దగ్గర రోజుల తరబడి పరికరం రికార్డు చేసిన గ్రాఫ్ చూసి, మాత్ర వేళలతో పోల్చి సరిచేయాలి. ఇక్కడ ఇంట్లోవాళ్లు చేయగలిగిన సాయం చాలా పెద్దది. ఏ టైముకి మాత్ర, ఎప్పుడు మాత్ర ఎక్కింది, ఎప్పుడు దిగింది, ఎప్పుడు మెలికలు, ఎన్నింటికి పడుకున్నారు, ఇదంతా మీరు ఒక పుస్తకంలో రాసి తెస్తే నాకు ఆ గ్రాఫ్‌లో ప్రతి గుట్టకీ అర్థం దొరుకుతుంది. రాయకపోతే అది ఉత్త గీత.

ఆపరేషన్ అయిన వెంటనే ఇది మొదలుపెట్టరు, టెన్షన్ పడకండి. లీడ్ దింపినప్పుడు అక్కడ కొద్దిగా వాపు వస్తుంది, ఆ వాపువల్లే కొన్ని వారాలు లక్షణాలు తగ్గినట్టుంటాయి, బీటా కూడా అణిగి ఉంటుంది. ఆ రోజుల్లో గీసిన గీత తర్వాత పనికిరాదు. ముందు మామూలు పద్ధతిలో కరెంట్ సరిచేసి, మందులు తగ్గించి (చాలామందిలో మూడోవంతు నుంచి సగం వరకు తగ్గుతాయి), అన్నీ కుదురుకున్నాక, అంటే కొన్ని నెలలకి, అప్పటికీ ఊగిసలాట మిగిలి ఉంటే సర్దుకునే పద్ధతికి మారుస్తాం. మామూలు డీబీఎస్‌తోనే రోజంతా సమంగా ఉన్నారా, అయితే మార్చమని నేను చెప్పను. బాగున్నదాన్ని కదపాల్సిన అవసరం లేదు. మార్చాక నచ్చకపోతే పాత సెట్టింగ్‌కి వెనక్కి రావచ్చు, దాన్ని చేతి రిమోట్‌లోనే ఉంచి ఇస్తాం.

ఇది పనిచేయని చోట్లు కూడా దాచకుండా చెప్పాలి. డీబీఎస్ ఏ రకమైనా, చాలావరకు మాత్ర బాగా ఎక్కిన గంటలో మనిషి ఎలా ఉంటాడో అంతవరకే తీసుకెళ్లగలదు, ఆ మంచి గంటని రోజంతా సాగదీస్తుంది. మాత్రకి లొంగని వణుక్కి మాత్రం ఇది వర్తించదు, అక్కడ డీబీఎస్ మాత్రని దాటి పనిచేస్తుంది. మంచి గంటలో కూడా పడిపోతున్నారంటే, మతిమరుపు మొదలైందంటే, లేనివి కనిపిస్తున్నాయంటే, వాటిని ఏ కరెంటూ బాగుచేయదు, ఒక్కోసారి పెంచుతుంది. అందుకే ఆపరేషన్‌కి ముందు రాత్రంతా మందు ఆపి, పొద్దున కదలికల స్కోరు చూసి, మాత్ర ఇచ్చి మళ్లీ స్కోరు చూస్తారు, కనీసం 30 శాతం మెరుగైతే డీబీఎస్‌తో మేలు జరిగే అవకాశం బాగుందని లెక్క. నాన్నగారికి ఈ పరీక్ష జరిగిందా అన్నది మీరు రాయలేదు. జరగకపోతే అన్నింటికన్నా ముందు అది.

వణుకే ప్రధానమైనవాళ్లలో బీటా సిగ్నల్ చాలాసార్లు బలహీనంగా ఉంటుంది, బీటా కథంతా బిగువుకీ నెమ్మదికీ సంబంధించింది. కొందరిలో గ్రాఫ్‌లో బీటా గుట్టే స్పష్టంగా కనపడదు. అలాంటివాళ్లకి సర్దుకునే పద్ధతి పెట్టడం కుదరకపోవచ్చు, అది ఎవరి తప్పూ కాదు, లీడ్ చెడిపోయినట్టూ కాదు. మామూలు డీబీఎస్ వాళ్లకి యథాతథంగా పనిచేస్తుంది.

ఆపరేషన్ ప్రమాదాలు కూడా రెండు పద్ధతులకీ ఒకటే. నూటికి ఒకరిద్దరిలో మెదడులో రక్తస్రావం, ఇంకొందరిలో ఇన్‌ఫెక్షన్ వచ్చి పరికరం తీసేయాల్సి రావడం. సర్దుకునేది కాబట్టి సర్జరీ తేలికైందని ఎవరూ అనుకోకూడదు, రంధ్రం అదే, లీడ్ అదే. పెట్టాక డయాథర్మీ అనే వేడి చికిత్స ఫిజియోథెరపీలో గానీ మరెక్కడ గానీ చేయించుకోకూడదు, ఎంఆర్ఐ తీయాల్సి వస్తే పరికరం కార్డు ముందే చూపించాలి.

ఆగడం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. 2013లో వచ్చిన ఎర్లీస్టిమ్ అనే అధ్యయనంలో 251 మందిని తీసుకున్నారు, సగటున జబ్బు వచ్చి ఏడున్నర ఏళ్లే అయినవాళ్లు. మందులతో పాటు డీబీఎస్ చేయించుకున్నవాళ్ల జీవన నాణ్యత రెండేళ్లలో మెరుగైంది, మందులు మాత్రమే వాడినవాళ్లది మెరుగవలేదు. నాన్నగారు ఆ దశ దాటి వచ్చారు. ఇంకో రెండు మూడేళ్లు ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ వస్తుందని ఆగితే, సాఫ్ట్‌వేర్ రావచ్చు, కానీ ఆలోగా పడిపోవడాలు, మతిమరుపు మొదలైతే ఆయనే ఆపరేషన్‌కి అర్హత కోల్పోతారు. నేను చూసిన వాటిల్లో నాకు అన్నింటికన్నా బాధ కలిగించేవి ఇవే, సరైన సమయంలో వస్తే ఎంతో మేలు జరిగి ఉండేదని తెలిసీ ఏమీ చేయలేని కేసులు. సాఫ్ట్‌వేర్‌ని తర్వాత ఒంటి మీద కోత లేకుండా మార్చుకోవచ్చు. ఇంతకుముందే పర్సెప్ట్ పెట్టించుకున్న ఎంతోమందికి ఈ సర్దుకునే పద్ధతి వచ్చింది అలాగే.

అమ్మగారి భయం గురించి. పరికరం కొలిచేది ఒక చిన్న బిందువు దగ్గర ఒక రిథమ్ ఎంత గట్టిగా ఉందనే ఒకే ఒక అంకె. అందులో ఆలోచన లేదు, మాట లేదు, జ్ఞాపకం లేదు. ఆ అంకెని చూసి నాన్నగారు ఎవరి గురించి ఆలోచిస్తున్నారో కాదు కదా, టీవీ చూస్తున్నారో పేపర్ చదువుతున్నారో కూడా నేను చెప్పలేను. అమ్మగారిని ఒక ప్రోగ్రామింగ్ సెషన్‌కి వెంట తీసుకెళ్లండి, స్క్రీన్ మీద ఆ గ్రాఫ్ చూపించమని అడగండి, చూశాక చాలామందికి ఆ భయం ఉండదు. అయితే కరెంట్ ఎక్కువైతే కొందరిలో మూడ్ మారుతుంది, కోపం, అతి ఉత్సాహం, లేదా దిగులు, ఇది నిజం, మామూలు డీబీఎస్‌లోనూ ఉంది. అది ముందుగా పసిగట్టేది పక్కనే ఉండే అమ్మగారే కాబట్టి ఆవిడ మాటకి క్లినిక్‌లో విలువ ఎక్కువ.

ఈసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు ఇవి అడగండి: మాత్ర పరీక్షలో ఎంత శాతం మెరుగైంది, పెట్టబోయే పరికరం సిగ్నల్ చదువుతుందా, అందులో సర్దుకునే పద్ధతికి మీ దగ్గర అనుమతి ఉందా, బ్యాటరీ ఛార్జింగ్ పెట్టేదా లేక కొన్నేళ్లకి మార్చాల్సిందా, అన్నింటికన్నా ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారు, మొదటి ఏడాది ఎంత తరచుగా చూస్తారు. చివరి ప్రశ్నకి స్పష్టమైన జవాబు రాకపోతే, పరికరం ఎంత కొత్తదైనా నేనైతే ఇంకో సెంటర్‌లో కూడా కనుక్కుంటాను. మాత్ర పరీక్ష స్కోర్లు రెండూ ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.